గురువారం జాబితా

నడవమన్నారు.
నేల మీద పసుపు టేపు నుంచి పసుపు టేపు దాకా
ఐదు మీటర్లు.
గారెత్ చేతిలో గడియారం టిక్కుమంది.
పందెం కాదండీ, మామూలుగా నడవండి అన్నాడు.
మామూలన్నది ఏ ఏడు పోయిందో
అతనికి చెప్పలేదు.
ఎనిమిది సెకన్లు.
రాసుకున్నాడు.

తర్వాత ఒక ఇనప పిడి ఇచ్చి పిసకమన్నాడు.
ఇరవై ఆరేళ్ళు కవెంట్రీ సార్టింగ్ ఆఫీసులో
రాత్రంతా ఉత్తరాల కట్టలు పట్టిన చెయ్యి.
ముల్లు సగం దాకా లేచి, సిగ్గుపడి కూర్చుంది.
చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేవాలట.
మూడుసార్లు లేచాను. నాలుగోసారి కూడా లేచానని
ఇద్దరం కలిసి అబద్ధమాడుకున్నాం.

గుండెలో తలుపుకి సున్నం పట్టింది,
మా కెటిల్ అడుగున పట్టినట్టే.
బలంగా తోస్తే చింతగింజంత సందు.
ఒళ్ళంతటికీ బట్వాడా ఆ సందులోంచే.

అది మార్చాలంటే ముందు రంగుమందు ఎక్కించి ఫొటో తీయాలి.
ఆ మందు కిడ్నీలకు పడదు,
ఇరవై రెండు శాతం మీద ఈదుతున్నాయవి.
గుండె బాగైతే ఇవీ తేరుకుంటాయేమో అంటాడు కిడ్నీల డాక్టరు.
అవి తేరుకున్నాక గుండె చూద్దాం అంటాడు గుండె డాక్టరు.
ఊపిరితిత్తులావిడ ఇద్దరికీ కాపీ పంపింది.
లివరు మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఎత్తకండి.
పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కుదరదు,
పెళ్ళి కుదిరితేగానీ పిచ్చి కుదరదు అన్నాను.
వద్దన్నా ఫోన్‌లో పెట్టిన దుబాసీ
పకపకా నవ్వి, అనువదించడం మరిచిపోయాడు.

గురువారం పొద్దున ఎనిమిదింటికి
ఒక గదిలో కూర్చుంటారట పది పన్నెండు మంది.
గోడ మీద నా గుండె కొట్టుకుంటుంది
నలుపూ తెలుపులో, నేను లేకుండా.

నాకు ఆ పని తెలుసు.
అడ్రసు సగం చెరిగినవి, వానకు తడిసినవి,
స్టాంపు చాలనివి, ఏ గూట్లోనూ ఇమడనివి
మా దగ్గర ఒక బూడిదరంగు ట్రేలో పడేవి.
వెనక్కి పంపెయ్ డామీ, తెల్లారిపోతోంది అనేది మోరీన్.
నేను ఒక్కొక్కటీ ట్యూబులైటు కింద పట్టి
చెరిగిన వీధిని కూడబలుక్కునేదాన్ని.
అన్నిటికీ కాదు. నిజం చెప్పాలిగా.
నాలుగింటికి పిక్కలు లాగుతుంటే
చూడకుండా వెనక్కి తోసినవీ ఉన్నాయి.

లేచి వచ్చేస్తుంటే చిన్న డాక్టరు ఇఫియోమా
కుర్చీ దగ్గరికి లాక్కుని అడిగింది:
ఇది జరిగితే, మీకేం కావాలి?
ఇన్ని నెలల్లో ఎవరూ అడగని మాట.
ఏదైనా ఘనమైన కోరిక ఉండాలేమోనని తడుముకున్నాను.
నోటికొచ్చింది ఇది:
ఇరవై ఒకటో నంబరు బస్సులో మేడ మీద, ముందు సీటు.
డ్యూటీ దిగి అక్కడే కూర్చునేదాన్ని.
కొమ్మలు అద్దానికి కొట్టుకునేవి.
ఊరు నా చెప్పుల కింద తెల్లారేది.
ఇప్పుడు కిందే, పిల్లల తోపుడు బళ్ళ పక్కన.
మెట్లు తొమ్మిది.
ఆ పిల్ల నవ్వలేదు. రాసుకుంది.

శనివారం ఉత్తరం వచ్చింది.
రెండో తరగతి. ముద్ర కాస్త అలికింది,
నేనైతే అలా కొట్టనిచ్చేదాన్ని కాదు.
మొదటి పేజీ నిండా అంకెలు.
నడక, ఎనిమిది సెకన్లు. కుర్చీ, నాలుగుసార్లు
(గారెత్ మాట మీద నిలబడ్డాడు).
అట్టడుగున ఒక్క వరుస:
రోగి కోరిక, బస్సు పై అంతస్తు.

మిగతాది వెనక పేజీలో ఉంది.
తిప్పలేదు.
కాగితాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టాను.
అక్షరాలు తిరగబడి, ఒకదాని మీదొకటి.
ఆ పొడుగాటి వాక్యంలో
ఆ బుల్లి ‘నాట్’ ఎక్కడైనా నక్కి ఉందా అని
వెతుకుతున్నాను.